వదిన చెరిపిన వాక్యం

జనవరి 8

వదినా,

నీ ఉత్తరం మెయిల్‌లో అందింది. దాన్ని ఉత్తరం అనొచ్చో లేదో నువ్వే చెప్పు. "బాగగగగానే ఉన్నాను. నువ్వు ఎలా. ఉంటాను." అంతే. డిసెంబర్‌లో రాసిందీ ఇంతే. నేను నాలుగు పేజీలు రాస్తే నువ్వు నాలుగు మాటలు రాస్తావు. ఫోన్ చేస్తే ఎత్తవు. నీకు నా మీద కోపమేమోనని రెండు నెలలుగా నాలో నేనే కొట్టుకుంటున్నాను. తిట్టినా బాగుండేది, తిట్లలో మనిషి ఉంటుంది.

నిన్న ఉండబట్టలేక మీ తమ్ముడికి ఫోన్ చేశాను. "అక్కకి కుడి చెయ్యి ఇంకా పూర్తిగా స్వాధీనంలోకి రాలేదమ్మా. మాట కూడా కాస్త ముద్దగా వస్తోంది. అందుకే ఫోన్ అంటే చాలు మొహం తిప్పేసుకుంటుంది" అన్నారు. అక్టోబర్‌లో పక్షవాతం వస్తే నాకు నవంబర్‌లో తెలిసింది. అప్పుడు కూడా "తగ్గిపోయింది, రావక్కర్లేదు" అని ఆయన చేతే చెప్పించావు. నేను రాలేదు. రావక్కర్లేదంటే రావద్దనా, రమ్మనా అని వారం రోజులు ఆలోచించి, చివరికి ఏదీ తేల్చుకోలేక ఆగిపోయాను. అన్నయ్య ఉంటే "మన సందేహాలమ్మ ఇంకా గుమ్మంలోనే నిలబడి ఉంది" అని నవ్వేవాడు.

ఇంతకీ అసలు సంగతి. నా పనేంటని నువ్వు ఎన్నిసార్లు అడిగినా సరిగ్గా చెప్పలేదు. మా ఆఫీసులో బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ చేస్తారు. మూడు రకాల కంప్యూటర్ల మీద అది ఒకేలా నడవాలి. అందులో నా వంతు చిన్నది: కీబోర్డు ఏం చెప్తోందో వినడం. పదిహేనేళ్ళుగా అదే. అంటే నీ వేలు మీట మీద ఎంతసేపు ఇరుక్కుంటోందో తెలిస్తే, ఆ ఇరుకుని పట్టించుకోకుండా ఉండే ప్రోగ్రాం నేను రాయగలను. ఇన్నాళ్ళూ ముక్కూ మొహం తెలియని వాళ్ళ వేళ్ళ కోసం రాశాను.

రాయనా? ఒక్క మాట చెప్పు. ఒక్కటి చాలు.

నీ మరదలు


జనవరి 13

మరదలు పిల్లా,

కోపం లేదు పాడూ లేదు. ఇది రెండు రోజులుగా రాస్తున్నాను.

కుడి చిటికెన వేలు, ఉంగరం వేలు మీట మీద పడితే లేవవు. లేచేలోపల అక్షరం పదిసార్లు పడుతతతతతుంది. చూశావుగా. పోనీ తుడుద్దామని తుడిచే మీట నొక్కితే వేలు దాని మీద కూర్చుంటుంది. తప్పుతో పాటు వాక్యం, వాక్యంతో పాటు ముందు పేరా. నీకు నేనూ పేజీలు రాశాను. అవి నా వేలే మింగింది. మిగిలింది నీకు పంపాను.

ఎడమ చేత్తో నొక్కచ్చుగా అంటావు. ఏ మీటకి ఏ వేలో ముప్పై ఏళ్ళు టైపు క్లాసులో పిల్లలకి చెప్పి, ఇప్పుడు నేనే తప్పనా?

రాయి. నీ ప్రోగ్రాం ఏదో రాయి.

వదిన


జనవరి 20

వదినా,

నీ పేజీలు నీ వేలు మింగిందని చదివి గుండె కలుక్కుమంది. ఆ పైన సిగ్గుగా సంతోషం కూడా వేసింది. రాశావన్నమాట!

దీంతో పాటు చిన్న ప్రోగ్రాం పంపుతున్నాను. ఇది నీ బాధ తీర్చదు, తీర్చేది తర్వాత వస్తుంది. ఇది ఊరికే వింటుంది. ఏం వింటుందో చెప్తాను, టీచరమ్మకి నచ్చుతుంది.

కీబోర్డుకి అక్షరాలు రావు. ఈ మీట 'క', ఈ మీట 'మ' అని దానికి తెలియదు. దానికి తెలిసినవి రెండే: ఫలానా మీట దిగింది, ఫలానా మీట లేచింది. ఆ కబురుని అక్షరంగా మార్చేది పైన ఉన్న కంప్యూటర్. మామూలు ప్రోగ్రాములు ఆ అక్షరాన్నే తీసుకుంటాయి. నాలాంటి వాళ్ళం కిందికి దిగి, మీటల కబుర్లనే నేరుగా పట్టుకుంటాం. దాంట్లో తిప్పలు లేకపోలేదు. వేలు తియ్యకుండా ఉంటే ఒక రకం కంప్యూటర్ "దిగింది, దిగింది, దిగింది" అంటుంది. ఇంకో రకం అయితే లేవని వేలిని లేచిందని అబద్ధం చెప్పి, మళ్ళీ దిగిందంటుంది. ఏ రకం ఎలా బొంకుతుందో తెలుసుకోవడమే నా ఉద్యోగం.

అక్షరం వరసగా పడకుండా సెట్టింగుల్లో ఆపెయ్యొచ్చు. కానీ నీ చిటికెన వేలు పక్క మీటని కూడా ఒరుసుకుంటూ పోతోందని నీ ఉత్తరం చూస్తే అనుమానం. కావాలని నొక్కింది ఏది, తగిలింది ఏది అని నీ వేళ్ళ తీరు చూస్తే గానీ చెప్పలేను.

అందుకని, నువ్వు క్లాసులో చెప్పే అభ్యాసం వరసలు ఉన్నాయే, అవి ఈ విండోలో రోజుకో అరగంట కొట్టు. ఆ పాత టైపు మిషన్ అమరికలోనే కొట్టు, నాకు అదే అలవాటు. వారం అయ్యాక ఫైలు పంపు. ఈ విండోలో కొట్టినవి మాత్రమే ఇది రాసుకుంటుంది. వేరే విండోలోకి వెళ్ళావో, చెవులు మూసుకుంటుంది. నా కంప్యూటర్‌లో పదిసార్లు చూసుకున్నాను. నీ మిగతా రాతలేవీ నాకు రావు. మాట ఇస్తున్నాను.

కింద బైండింగ్ షాపులో కాగితాలు కోసే మిషన్ చప్పుడు ఇంకా వస్తోందా? నేను పన్నెండేళ్ళ పిల్లగా నీ పక్కన కూర్చుని టైపు నేర్చుకుంటుంటే, ఆ చప్పుడుకి లయ తప్పేదాన్ని. ఇక్కడ నా గది మరీ నిశ్శబ్దం. ఒక్కోసారి ఆ మిషన్ కోసం చెవి వెతుక్కుంటుంది.

నీ మరదలు


జనవరి 29

పిల్లా,

ఫైలు జత చేశాను. వారం రోజులు వరసలు కొట్టాను, చంటిపిల్లలా. నా వేళ్ళు చూసి నాకే జాలేసింది, నా క్లాసులో అయితే ఇంటికి పంపేసేదాన్ని.

ఇల్లు ఖాళీ చేస్తున్నాను. మార్చి చివరికి. తమ్ముడు వాళ్ళ ఇంట్లో వెనక గది ఉంది. మెట్లు ఎక్కలేకపోతున్నాను. చెప్పాలనే చెప్తున్నాను, నువ్వు కంగారు పడేదేమీ లేదు. మీ అన్నయ్య రిపేరు సామాన్ల పెట్టె నీకు ఉంచాను. స్క్రూడ్రైవర్లు ఇరవై రెండు ఉన్నాయి. తమ్ముడికి ఒక్కటి కూడా పట్టుకోవడం రాదు.

కాగితాలు కోసే మిషన్ ఉంది. కొత్తది పెట్టారు. చప్పుడు ఎక్కువ.

వదిన


ఫిబ్రవరి 6

వదినా,

ఫైలు అందింది. ప్రోగ్రాం పూర్తయింది, జత చేశాను. మీ తమ్ముడి చేత పెట్టించుకో. వేలు ఎంతసేపు ఉన్నా అక్షరం ఒక్కటే పడుతుంది. పక్క మీటకి తగిలిన తాకిడిని వదిలేస్తుంది. తుడిచే మీట కూడా ఒక నొక్కుకి ఒక అక్షరమే తుడుస్తుంది. మొదట పంపిన దాన్ని, అదే, రాసుకునేదాన్ని, వెంటనే తీయించెయ్. మర్చిపోకు.

నువ్వు తమ్ముడి దగ్గరికి వెళ్తున్నావని చదివాను. నాకు రెండు గదులున్నాయి. మెట్లు లేవు. అడగాలని ఉంది, అడగొచ్చో లేదో తెలియదు.

ఈసారి ఎక్కువ రాయలేను.

మరదలు


ఫిబ్రవరి 12

మరదలు పిల్లా,

పడింది! అక్షరానికి అక్షరం పడింది. తమ్ముడు పక్కన నిలబడి చూస్తూ, "ఎలా వస్తోంది అక్కా?" అన్నాడు. "ఎలా రావడమేంటిరా, నా మరదలు రాస్తే రాక చస్తుందా?" అన్నాను. నా మాట వాడికి సగమే అర్థమైంది గానీ నా మొహం చూసి నవ్వాడు. చిటికెన వేలు మీట మీద కూర్చుని దర్జాగా ఉంటోంది, నువ్వు దాన్ని లెక్కచెయ్యట్లేదు. దానికి బాగా శాస్తి జరిగింది.

నిన్న పొద్దున్నంతా టైపు చేశాను. పక్క వీధి వకీలుగారి దగ్గర గుమాస్తా వచ్చి, "టీచరమ్మా, మళ్ళీ మొదలెట్టారా, మా కాగితాలు చేస్తారా?" అన్నాడు. మార్చి దాకా అయితే చేస్తానన్నాను.

ఇక నీ సంగతి. ఇన్నాళ్ళూ నేను నాలుగు మాటలు రాస్తే దెప్పిపొడిచావు. ఇప్పుడు నాకు వేళ్ళు వచ్చాయి, నీకు పోయాయా? ఉత్తరంలో ఏదో ముడుచుకుని కూర్చున్నావు. "అడగాలని ఉంది, అడగొచ్చో లేదో" ఏంటది? నీ రెండు గదుల్లో నేనొచ్చి ఏం చెయ్యను? పొద్దున్న పోతే సాయంత్రం వస్తావు. నీకు పనులుంటాయి. తమ్ముడింట్లో మనుషులుంటారు, అరుపులుంటాయి, నాకు అదే మందు.

ఏమైందో చెప్పు.

వదిన


ఫిబ్రవరి 19

వదినా,

ఏమైందో చెప్తాను. మూడుసార్లు మొదలుపెట్టి ఆపేశాను.

నేను నీకిచ్చిన మాట తప్పాను. ముందు తెలియక, తర్వాత తెలిసి.

నా కంప్యూటర్‌లో ఒక విండో ముందుకి వచ్చి ఉన్నప్పుడే దానికి మీటల కబుర్లు వస్తాయి. నీది వేరే రకం. అందులో నేను పట్టుకున్న దారి విండోలన్నిటికీ అడుగునుంచి పోతుంది, ఏ విండోలో నొక్కినా దానికి వినబడుతుంది. "ముందున్నది మన విండోనేనా?" అని అడిగే ఒక్క వరస అదనంగా రాయాలి. నాకు తెలియనిది కాదు. ఆఫీసు పనిలో ఎన్నడూ మర్చిపోలేదు. నీ దాంట్లో మర్చిపోయాను. నా కంప్యూటర్‌లో పదిసార్లు చూసి, నీ రకం దాని మీద ఒక్కసారి కూడా చూడలేదు. సొంత మనిషికే కదా అనే తొందర.

నువ్వు వరసలు కొట్టడం అయ్యాక ఆ విండోని పక్కన పెట్టి నాకు జనవరి 29 ఉత్తరం రాశావు. రాసినంతసేపూ అది వింటూనే ఉంది.

ఫైల్లో అక్షరాలు లేవు, మీటల నంబర్లూ, సమయాలూ మాత్రమే. వరసలు అయిపోయినా నంబర్లు ఆగలేదు. అక్కడే నేను ఫైలు మూసెయ్యాలి. మూయలేదు. చదవాలని కూడా అనుకోలేదు వదినా, నిజం. చేతులు బల్ల మీదకి వెళ్ళాయి. నువ్వు నేర్పిన అమరిక. నంబరు చూస్తే మీట, మీటని తలుచుకుంటే వేలు. ఊరికే బల్ల మీద కొడుతూ ఉన్నాను. వాక్యం ముందు నా వేళ్ళకి తెలిసింది, ఆ తర్వాతే నాకు తెలిసింది. ఇంకెవరి ఫైలైనా అయితే ఒక్క ముక్క బోధపడేది కాదు.

"ఆ రోజు నిన్ను వెళ్ళమన్నాను గానీ, నువ్వు వెళ్తావనుకోలేదు."

తర్వాత అదంతా చెరిపేశావు. స్క్రూడ్రైవర్ల దగ్గర మొదలుపెట్టావు.

నీ వేలు మింగేసిందేమోనని ఆశపడ్డాను. అలా అయితే వేలు దిగిన కబురే వరసగా ఉంటుంది, మధ్యలో లేచిన జాడ ఉండదు. ఇక్కడ ప్రతి నొక్కుకీ ఒక లేవడం ఉంది. కంప్యూటర్ బొంకు కూడా కాదు, దాని బొంకులు గడియారం కొట్టినట్టు సమానంగా ఉంటాయి. ఇవి ఎగుడుదిగుడుగా ఉన్నాయి. పైగా ఒక్కొక్కటీ పొట్టిగా, శుభ్రంగా. ఎడమ చేత్తో నొక్కావు. నియమం తప్పి మరీ చెరిపావు. మధ్యలో ఒకచోట నలభై సెకన్లు ఆగి ఉన్నావు. ఆ నలభై సెకన్లు నువ్వు తెర వైపు ఎలా చూస్తూ ఉండి ఉంటావో నాకు కనబడుతూనే ఉంది.

పోయిన మార్చిలో, అన్నయ్య పోయిన మూడో రోజున, "నీకు పనులుంటాయి, వెళ్ళు" అన్నావు. ప్రతి దాన్నీ తిరగేసి మరగేసి చూసే దాన్ని, ఆ ఒక్క మాటని ఉన్నదున్నట్టు తీసుకుని మెట్లు దిగిపోయాను. నిన్ను ఒంటరిగా వదిలేసి వెళ్ళాను. మళ్ళీ రాలేదు. పోయిన వారం నువ్వు అదే మాట మళ్ళీ రాశావు, "నీకు పనులుంటాయి" అని. అది ఎత్తిపొడుపో, నిజంగా అన్నదో నాకు తెలియదు.

ఫైలు తీసేశాను. నువ్వు ఆ గదులు వదిలేలోపల ఒక్కసారి వస్తాను అని అడుగుదామనుకున్నాను. మాట తప్పినదాన్ని, ఏ మొహం పెట్టుకుని అడగను? నువ్వు తమ్ముడింటికి వెళ్ళిపోతే, అన్నయ్యతో పాటు నువ్వు కూడా నాకు లేనట్టే. ఆ భయం ఒక్కటే ఇది రాయిస్తోంది.

నీ మరదలు, ఇంకా అనుకోనిస్తే


మార్చి 9

పిల్లా,

పద్దెనిమిది రోజులు రాయలేదు. వేళ్ళు బాగానే ఉన్నాయి. కోపం.

నా క్లాసులో ఎవరైనా పక్క పిల్ల కాగితంలోకి తొంగి చూస్తే స్కేలుతో బల్ల మీద ఒక్కటి వేసేదాన్ని. నీకూ వేశాను. మనిషి నోటిదాకా వచ్చిన మాటని మింగుకుంటే, గొంతులో చెయ్యి పెట్టి తీసి చూసినట్టు ఉంది నువ్వు చేసింది. వారం రోజులు కంప్యూటర్ మీద గుడ్డ కప్పి ఉంచాను. తమ్ముడు, "పాడైందా?" అని అడిగాడు. "అది బాగానే ఉంది, మనుషులే పాడయ్యారు" అన్నాను. అర్థం కాలేదు వాడికి. కానందుకు సంతోషించాను.

తర్వాత కోపం కొంచెం పల్చబడ్డాక నవ్వొచ్చింది. నలభై సెకన్లా? పాలు పొంగాయే పిల్లా. వెళ్ళి స్టవ్ ఆపి వచ్చాను. నువ్వేమో నేను తెర ముందు శిలలా కూర్చున్నాననుకుని అక్కడ కుమిలిపోయావు. ఇంత చదువు చదివి, ఇంత కిందికి దిగి విని, నీకు పాల గిన్నె వినబడలేదు.

చెరిపానని కనిపెట్టావు. ఎడమ చేత్తో చెరిపానని కూడా కనిపెట్టావు. నిజమే, ఆ వాక్యం పోవాలి, మిగతాది ఉండాలి, కుడి చేతిని నమ్మలేను, అందుకే. కానీ ఎందుకు చెరిపానో నీ నంబర్లు చెప్పలేదు. నువ్వే చెప్పేసుకున్నావు, అదేదో నా కడుపులో దాచుకున్న నిజమని.

అది అబద్ధం గనక చెరిపాను.

రాయగానే నాకే ఎవరో పరాయి మనిషి రాసినట్టు కనబడింది. నువ్వు వెళ్తావనే అన్నాను. వెళ్ళాలనే అన్నాను. ఆ మూడు రోజులూ నువ్వు ఇటు తిరిగితే ఆయన, అటు తిరిగితే ఆయన. అదే నుదురు. మాట మొదలుపెట్టేముందు అదే గొంతు సవరింపు. పక్క గదిలో నువ్వు గొంతు సవరించుకుంటే నేను రెండుసార్లు "ఆఁ, వస్తున్నా" అన్నాను. నువ్వు వినలేదు. నాకు ఊపిరాడలేదు. అందుకే పంపించాను. నువ్వు మెట్లు దిగాక తలుపు వేసుకుని అప్పుడు ఏడ్చాను, కడుపునిండా. నువ్వు ఉంటే అది జరిగేది కాదు. నిన్ను వెళ్ళగొట్టింది నేను. నువ్వు వదిలేసి పోలేదు. నవంబర్‌లో రావద్దన్నదీ అందుకే. ఈ ముద్ద మాటతో, ఈ చేత్తో, ఆ మొహానికి ఎదురుపడటానికి ధైర్యం చాల్లేదు.

ఇది నీకు ముందే చెప్పాల్సింది. "నీ మొహం చూడలేక పంపాను" అని ఎలా చెప్తారు ఎవరికైనా? నీకు పనులుంటాయని చెప్పడం తేలిక.

ఇప్పుడు ఏడాదైంది. ఆయన మొహం నాకు సరిగ్గా గుర్తు రావడం లేదు. ఫోటో ఉంది. ఫోటో ఫోటోలాగే ఉంటుంది, గొంతు సవరించుకోదు. ఈ గదుల్లోనే నాకు గుర్తు రాకపోతే తమ్ముడింటి వెనక గదిలో ఏం గుర్తొస్తుంది?

నిన్ను చూడాలని ఉంది. నిన్నా, ఆయన్నా అని అడక్కు, నాకు తెలియదు, నువ్వూ తేల్చడానికి కూర్చోకు. ముందే చెప్తున్నాను, నువ్వు గుమ్మంలోకి రాగానే ఏడుస్తాను. నా మాట ముద్దగా ఉంటుంది, నవ్వావంటే స్కేలు ఇంకా ఉంది. తమ్ముడింటికి వెళ్ళడమో, ఆ మెట్లు లేని నీ రెండు గదులో, నువ్వు వచ్చాక మాట్లాడుకుందాం.

మార్చి ఇరవై లోపల రా.

ఈ మాట ఎన్నిసార్లు చెరిపి రాశానో, ఒక్కసారే రాశానో నీకు తెలిసే దారి లేదు. ఆ రాసుకునేదాన్ని తీయించేశాను. ఇక ఉన్నది చదువుకో.

నీ వదిన


మార్చి 10

వదినా,

చదివాను. ఉన్నది ఉన్నట్టే చదివాను, రెండోసారి చదవలేదు, చదివితే అందులో ఇంకేదో వెతుకుతానని.

నేను గొంతు సవరించుకుంటానని నలభై నాలుగేళ్ళలో నాకెవరూ చెప్పలేదు. పొద్దున్నించీ ఆఫీసులో నోరు తెరిచిన ప్రతిసారీ వింటున్నాను. మా మేనేజర్ "జలుబా?" అని అడిగింది. కాదు, మా ఇంటి అలవాటు అని చెప్పి, ఆమె దగ్గరే సెలవు అడిగాను. ఎన్నాళ్ళని రాయకుండా కాగితం ఇస్తే ఒక క్షణం నా మొహం చూసి సంతకం పెట్టింది.

శనివారం పదింటికల్లా మీ మెట్ల కింద ఉంటాను. ఏడవాలనిపిస్తే ఏడువు, నేనూ ఏడుస్తాను. ఊపిరాడకపోతే చెప్పు, బైండింగ్ షాపు ముందు కాసేపు నిలబడి మళ్ళీ పైకి వస్తాను. ఈసారి నువ్వు వెళ్ళమన్నా అంతకన్నా దూరం వెళ్ళను.

నీ మరదలు